ఎర్రగుర్తులున్న రిపోర్టులో దేన్ని పట్టించుకోవాలి? విటమిన్లు, ఖనిజాల రక్తపరీక్షలపై సందేహాలు

ప్రశ్న: సీతమ్మధార ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో ఇటీవల ఒక ప్రైవేటు ల్యాబ్ వారు శిబిరం పెట్టి, ఎనభైకి పైగా పరీక్షలున్న ప్యాకేజీని తగ్గింపు ధరకు చేశారు. విటమిన్లు, ఖనిజాలు అన్నీ అందులోనే తెలుస్తాయని చెప్పడంతో నేను, మావారు, మా అత్తగారు ముగ్గురమూ రక్తం ఇచ్చాము. ఆదివారం కావడంతో అందరమూ టిఫిన్లు చేసిన తరువాతే, పదకొండు గంటల వేళ రక్తం తీశారు. మరునాటికి రిపోర్టులు ఫోన్లకు వచ్చాయి. ప్రతి పేజీలోనూ ఎర్రగుర్తులు ఉండటంతో, ఏది నిజంగా భయపడవలసినదో, ఏది వదిలేయదగినదో అర్థం కాక మీ సలహా కోరుతున్నాను.

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఏడాదిగా నీరసం, జుట్టు రాలడం ఉన్నాయి, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటుంది. జుట్టు కోసం 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. నా హిమోగ్లోబిన్ 11.2 గ్రాములు, ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) 81, ఆర్‌డీడబ్ల్యూ (ఆ కణాల పరిమాణంలో హెచ్చుతగ్గులు) 17, ఫెరిటిన్ (ఇనుము నిల్వ) 18, విటమిన్ డి 17 నానోగ్రాములు. జింక్ తక్కువ, థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్ కూడా తక్కువ అని ఎర్రగుర్తు పెట్టారు. బి12 మాత్రం 236 పికోగ్రాములు, అది 211 నుంచి 911 మధ్య ఉంది కనుక సాధారణమేనని పచ్చగుర్తు పెట్టారు.

మావారికి నలభై ఆరేళ్లు. గాజువాక వైపు ఒక పరిశ్రమలో షిఫ్టు ఉద్యోగం. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు నొప్పిమాత్రలు వేసుకుంటారు. ఆయన హిమోగ్లోబిన్ 12.1, ఎంసీవీ 74, ఫెరిటిన్ 9. మిగతావన్నీ బాగానే ఉన్నాయి కనుక ఐరన్ సిరప్ తాగితే సరిపోతుందని ఆయన అంటున్నారు.

మా అత్తగారికి అరవై ఏడేళ్లు. మధుమేహానికి ఎన్నో ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పాదాల మంటలకు బి12 ఉన్న మాత్ర కూడా వాడుతున్నారు. ఆవిడ బి12 ఫలితం 2000కు మించి ఉందని వచ్చింది. ఎప్పుడో రాసిచ్చిన విటమిన్ డి పొడి ప్యాకెట్టు 60,000 యూనిట్లది వారానికి ఒకటి చొప్పున ఆపకుండా వాడుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆవిడ విటమిన్ డి 112 నానోగ్రాములు. మా ముగ్గురిలో డి బాగా ఉన్నది తనకేనని ఆవిడ సంతోషిస్తున్నారు.

నాకు వచ్చిన ఎర్రగుర్తులన్నింటికీ మాత్రలు వేసుకోవాలా? పరీక్షలు మళ్లీ చేయించాలా? దయచేసి తెలియజేయగలరు.

సమాధానం 1: విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, మహారాణిపేట

అమ్మా, మీరు రక్తం తీసిన వేళను, అంతకు ముందు టిఫిన్ చేసిన సంగతిని, బయోటిన్ మోతాదును కూడా రాయడం చాలా మంచి పని. రిపోర్టు చదవడానికి సగం సమాచారం ఆ వివరాలలోనే ఉంటుంది. నేను వైద్యుడిని కాను కనుక మందుల సంగతి చెప్పను. పరీక్ష ఎలా జరుగుతుందో, ఏ అంకెను ఎంత నమ్మవచ్చో మాత్రం చెబుతాను.

ముందుగా ఎర్రగుర్తు అంటే ఏమిటో చూద్దాం. చాలా పరీక్షలకు సాధారణ పరిధిని నిర్ణయించేటప్పుడు, ఆరోగ్యంగా ఉన్నవారి ఫలితాలను తీసుకుని, వాటిలో నడిమి 95 శాతాన్ని పరిధిగా పెడతారు. అంటే ఏ జబ్బూ లేనివారిలో కూడా నూటికి ఐదుగురు ఆ పరిధికి బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు సంపూర్ణ ఆరోగ్యవంతుడికి చేస్తే, కనీసం ఒక్కటైనా పరిధి దాటే అవకాశం సుమారు 64 శాతం. ఎనభై పరీక్షల ప్యాకేజీలో ఎర్రగుర్తు ఒక్కటి కూడా లేకుండా బయటపడటమే అరుదు. అందువల్ల గుర్తుల సంఖ్యను బట్టి ఆరోగ్యాన్ని అంచనా వేయకండి.

మీ జింక్ ఫలితాన్ని నేనైతే పక్కన పెడతాను. భోజనం చేసిన తరువాత రక్తంలో జింక్ తగ్గుతుంది. ఒంట్లో ఏదైనా ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉన్నా తగ్గుతుంది. అందుకే ఆ పరీక్షకు పరగడుపున ఉదయమే, సూక్ష్మ ఖనిజాల కోసం ప్రత్యేకంగా తయారైన ట్యూబులో రక్తం తీయాలి. మామూలు ట్యూబుల రబ్బరు మూతల నుంచి కూడా కొంత జింక్ రక్తంలో కలిసే ప్రమాదం ఉంది. రక్తం తీశాక సీరాన్ని, అంటే గడ్డకట్టిన రక్తం పైన తేలే ద్రవాన్ని, వేరుచేయడం ఆలస్యమైతే కణాలలోని జింక్ బయటికి వచ్చి అంకె పెరుగుతుంది. ఇన్ని కారణాలు అంకెను అటూ ఇటూ లాగే పరీక్షను శిబిరంలో టిఫిన్ తరువాత చేస్తే, వచ్చిన ఫలితం మీ శరీరం గురించి చెప్పేది చాలా తక్కువ.

మెగ్నీషియం మీకు సాధారణంగా వచ్చి ఉంటే దాన్ని కూడా పూర్తి భరోసాగా తీసుకోవద్దు. శరీరంలోని మెగ్నీషియంలో ఒక శాతం లోపే రక్తద్రవంలో ఉంటుంది, మిగతాదంతా ఎముకలలో, కణాలలో ఉంటుంది. రక్తంలోని స్థాయిని శరీరం గట్టిగా కాపాడుకుంటుంది కాబట్టి, నిల్వలు తగ్గుతున్నా అంకె కొంతకాలం మామూలుగానే కనిపించవచ్చు. విటమిన్ ఎ కూడా అంతే. కాలేయంలో నిల్వలు బాగా అడుగంటితే తప్ప రక్తంలో తగ్గదు. సీరం ఐరన్ అనే అంకె కూడా ఒంటరిగా చూస్తే ఎందుకూ కొరగాదు, ఎందుకంటే అది పూటపూటకూ, తిన్న తిండిని బట్టీ మారిపోతుంది. ఇనుము నిల్వ తెలియాలంటే ఫెరిటిన్ చూడాలి. హిమోగ్లోబిన్ వంటింటి డబ్బాలోని బియ్యమైతే, ఫెరిటిన్ గాదెలోని ధాన్యం. డబ్బా నిండుగా కనిపిస్తున్నప్పుడే గాదె ఖాళీ అయి ఉండవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు వేసుకుంటున్న బయోటిన్ మీ రిపోర్టులో కొన్ని అంకెలను తారుమారు చేసి ఉండవచ్చు. హార్మోన్లను, విటమిన్లను కొలిచే యంత్రాలలో చాలావాటి లోపల బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాలు ఒకదానికొకటి అంటుకునే గుణాన్ని ఉపయోగించుకుంటారు. రక్తంలోనే బయోటిన్ ఎక్కువగా ఉంటే ఆ అతుకు దెబ్బతింటుంది. అప్పుడు టీఎస్‌హెచ్, ఫెరిటిన్ వంటివి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. బి12, విటమిన్ డి, థైరాక్సిన్ వంటివి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీనిపై బహిరంగ హెచ్చరిక కూడా జారీ చేసింది. అన్ని కంపెనీల యంత్రాలకూ ఈ ఇబ్బంది ఉండదు. మీ ల్యాబ్ వాడిన యంత్రానికి ఉందో లేదో వారిని అడిగితే చెప్పాలి. ఒకవేళ ఉంటే మీ టీఎస్‌హెచ్ తగ్గుదల నిజం కాకపోవచ్చు, పచ్చగుర్తు పెట్టిన మీ బి12 నిజానికి 236 కంటే ఇంకా తక్కువ అయి ఉండవచ్చు.

కాబట్టి బయోటిన్‌ను కనీసం మూడు రోజులు ఆపి, ఫెరిటిన్, బి12, టీఎస్‌హెచ్ మాత్రం మళ్లీ చేయించండి. ఫెరిటిన్‌తోపాటు, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష కూడా చేయించడం మంచిది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది కనుక, సీఆర్‌పీ చూడకుండా ఫెరిటిన్‌ను సరిగా చదవలేము. సీబీసీకి (రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్ చూసే పరీక్ష), ఫెరిటిన్‌కు, బి12కు, డికి పరగడుపున ఉండనక్కరలేదు. ఎనభై పరీక్షలు తిరిగి చేయించవలసిన పని అసలే లేదు.

ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు ల్యాబ్‌ల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని అడగడంతో ఆగకండి. ఆ గుర్తింపు ఐఎస్‌ఓ 15189 ప్రమాణం ప్రకారం ఒక్కొక్క పరీక్షకూ విడివిడిగా ఇస్తారు. మీకు కావలసిన పరీక్ష ఆ జాబితాలో ఉందా అని అడగండి. ఆ రక్తాన్ని ఇక్కడే పరీక్షిస్తారా, వేరే ఊరికి పంపుతారా, పంపితే సీరం వేరుచేసి చల్లగా పంపుతారా అన్నది కూడా తెలుసుకోండి. మన విశాఖ ఉక్కలో, మే నెల మధ్యాహ్నం స్కూటరు డబ్బాలో గంటల తరబడి తిరిగిన రక్తం నుంచి మంచి ఫలితం రావాలని ఆశించడం అన్యాయం. రక్తకణాలు చితికిన నమూనాలో పొటాషియం, ఫోలేట్ వంటివి లేనిపోని ఎత్తుకు పోతాయి. ఇన్నేళ్ల వృత్తిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఇదే. యంత్రం ఎంత మంచిదైనా, నమూనా పాడైతే అది అబద్ధాన్నే ఎంతో కచ్చితంగా అచ్చు వేస్తుంది.

సమాధానం 2: జనరల్ మెడిసిన్ వైద్యురాలు, ఎంవీపీ కాలనీ

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ ముగ్గురి రిపోర్టులలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది మీది కాదు, మీవారిది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

పురుషులలో హిమోగ్లోబిన్ 13 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. గర్భం లేని స్త్రీలకు ఆ గీత 12. మీవారికి 12.1 అంటే పైకి చిన్న లోటులా కనిపిస్తుంది. అయితే ఎంసీవీ 74, ఫెరిటిన్ 9 అంటే ఇనుము నిల్వలు దాదాపు ఖాళీ అయ్యాయని అర్థం. నెలసరి ద్వారా రక్తం పోయే స్త్రీలలో ఇనుము తరగడానికి కళ్లముందే ఒక కారణం ఉంటుంది. నలభై ఆరేళ్ల పురుషుడిలో అలాంటి కారణం ఉండదు. తిండిలో లోపం ఒక్కటే ఆయనను ఈ స్థితికి తెచ్చిందని అనుకుని సరిపెట్టుకోకూడదు. ఎక్కడో రక్తం పోతూ ఉండవచ్చు, అదీ చాలావరకు జీర్ణకోశం నుంచే పోతూ ఉండవచ్చు. నొప్పిమాత్రల వల్ల కడుపులో ఏర్పడే పుండ్లు, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, మొలలు, కొంకిపురుగులు, అరుదుగా పెద్దపేగు క్యాన్సరు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, ఇనుము లోపంతో రక్తహీనత వచ్చిన పురుషులకు, నెలసరి ఆగిన స్త్రీలకు, పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ రెండూ చేయాలని గట్టిగా సూచించాయి.

ఐరన్ సిరప్ తాగితే హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. అంకె బాగుపడగానే వెతకడం ఆగిపోతుంది. లోపం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దొరకకుండా లోపాన్ని పూడ్చడం వైద్యం కాదని నేను ప్రతి రోగికీ చెబుతూ ఉంటాను. దయచేసి ఆయనను ఆలస్యం చేయకుండా జీర్ణకోశ వైద్యుడికి చూపించండి. కేజీహెచ్‌లో (విశాఖలోని కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) కూడా జీర్ణకోశ వ్యాధుల విభాగం ఉంది. మలంలో రక్తం కనపడటం లేదు కదా అని ధైర్యపడవద్దు, కొద్దికొద్దిగా పోయే రక్తం కంటికి కనపడదు.

ఇక మీ విషయం. హిమోగ్లోబిన్ 11.2, దానికి తోడు ఎక్కువ నెలసరి ఉన్నప్పుడు, ఫెరిటిన్ 18 అంటే నేను ఇనుము లోపంగానే భావిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 15 అనే గీత పెట్టింది కదా, మరి 18 మంచిదే కదా అని మీకు సందేహం రావచ్చు. రక్తహీనత ఉన్నవారిలో 15 దగ్గర గీత గీస్తే చాలామంది లోపం తెలియకుండా జారిపోతారు, అందుకే పైన చెప్పిన మార్గదర్శకాలు 45ను ఆధారంగా తీసుకున్నాయి. బయోటిన్ ఆపి మళ్లీ చూసినప్పుడు అంకె కొంచెం పెరిగినా నా అభిప్రాయం పెద్దగా మారకపోవచ్చు.

మీ ఎంసీవీ, ఆర్‌డీడబ్ల్యూ గురించి ఒక మాట చెప్పాలి. ఇనుము తక్కువైతే ఎర్రకణాలు చిన్నవవుతాయి, బి12 తక్కువైతే పెద్దవవుతాయి. రెండూ కలిసి ఉన్నప్పుడు సగటు పరిమాణం మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. అయితే కణాల మధ్య హెచ్చుతగ్గులను కొలిచే ఆర్‌డీడబ్ల్యూ మాత్రం పెరుగుతుంది. మీకు జరిగినది ఇదే కావచ్చు. బి12 విషయంలో 200 కంటే తక్కువ అయితే లోపమనీ, 200 నుంచి 300 వరకు సందిగ్ధమనీ చూస్తాము. మీ 236 ఆ సందిగ్ధ ప్రాంతంలో ఉంది. పచ్చగుర్తు పడినది కదా అని దాన్ని వదిలేయకూడదు. రెండోసారి కూడా అలాగే వస్తే, బి12 తక్కువైనప్పుడు రక్తంలో పెరిగే మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్షతో తేల్చుకోవచ్చు. అది ఖరీదైనది, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో లోపం లేకపోయినా పెరుగుతుంది కూడా. కాబట్టి లక్షణాలు స్పష్టంగా ఉంటే చాలాసార్లు నేరుగా చికిత్స మొదలుపెడతాము. బి12 సంగతి తేలకుండా ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఒక్కటే మొదలుపెట్టకండి. అవి రక్తాన్ని బాగుచేసినట్లు చూపిస్తాయి గానీ, బి12 లేక నరాలకు జరిగే నష్టాన్ని ఆపలేవు. వీటన్నిటితోపాటు స్త్రీవ్యాధి నిపుణురాలిని కలిసి, రక్తస్రావం ఎందుకు ఎక్కువగా ఉందో కూడా తెలుసుకోవాలి.

విటమిన్ డి 17 అంటే మితమైన తక్కువ. పరీక్ష చేసినది 25-హైడ్రాక్సీ విటమిన్ డి అయి ఉండాలి, అదొకసారి రిపోర్టులో చూసుకోండి. 12 కంటే తక్కువ ఉంటే ఎముకలకు హాని అనీ, 20 దాటితే చాలామందికి సరిపోతుందనీ 2011లో అమెరికా వైద్య సంస్థ నివేదిక తేల్చింది. అదే ఏడాది హార్మోన్ల వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలని చెప్పింది. 2024లో ఆ సొసైటీయే తన మాటను మార్చుకుని, 30 అనే గీతను ఇక సమర్థించడం లేదనీ, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఈ పరీక్షను మామూలుగా చేయవలసిన అవసరం లేదనీ ప్రకటించింది. మీకు స్వల్పకాలం వైద్యుల సలహాతో మందు వాడితే చాలు.

మీ అత్తగారి గురించి మాత్రం ఈ వారంలోనే కదలండి. విటమిన్ డి 112 అన్నది సంతోషించవలసిన అంకె కాదు. వారానికి 60,000 యూనిట్లు అంటే రోజుకు సుమారు 8,500 యూనిట్లు పడుతున్నట్లు. పెద్దవారికి వైద్య పర్యవేక్షణ లేకుండా రోజుకు 4,000 యూనిట్లు మించకూడదు. ఆ ప్యాకెట్లు కొద్ది వారాల కోసం రాసేవే తప్ప ఏళ్ల తరబడి వాడేవి కావు. స్థాయి 150 దాటితే విషలక్షణాలు కనిపిస్తాయి, కొందరిలో అంతకు ముందే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. అతిదాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, మగత దాని లక్షణాలు. మధుమేహం ఉన్నవారిలో దాహం, మూత్రం చూసి షుగరు పెరిగిందనుకుని అసలు కారణాన్ని వదిలేస్తారు. పొడి వెంటనే ఆపి, కాల్షియం, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు చేయించండి. కాల్షియంలో కొంత భాగం అల్బుమిన్‌ను అంటుకుని ఉంటుంది కనుక రెండూ కలిపి చదవాలి.

ఆవిడ బి12 2000కు మించి ఉండటం వేసుకుంటున్న మాత్ర ఫలితమే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 శోషణ తగ్గుతుందన్నది నిజం, 2022లో బ్రిటన్ ఔషధ సంస్థ దీన్ని తరచూ కనిపించే దుష్ప్రభావంగా గుర్తించింది. అయితే మాత్ర వేసుకుంటూ చేసిన పరీక్ష, ఆ మాత్ర రక్తంలోకి చేరిందని చెబుతుందే తప్ప, మంటలకు మూలం బి12 లోపమా, మధుమేహమా అన్నది చెప్పదు. అది పాదాలను స్వయంగా పరీక్షించి, ట్యూనింగ్ ఫోర్కుతో స్పర్శ చూసి తేల్చవలసిన విషయం. మాత్ర ఆపి మళ్లీ పరీక్షించాలన్న ఆలోచన చేయకండి.

సమాధానం 3: ఆరోగ్య కార్యకర్త, పెందుర్తి

నేను పాడేరు, అరకు ప్రాంతాలలో పనిచేస్తాను. ఇక్కడి పాఠకుల కోసం ఒక్క విషయం చేర్చాలనుకుంటున్నాను. ఎంసీవీ తక్కువగా ఉన్న ప్రతివారికీ ఇనుము లోపమే ఉంటుందని అనుకోకూడదు. తలసీమియా లక్షణం, అంటే హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చే లోపం, వంశపారంపర్యంగా ఉన్నవారిలో కూడా కణాలు చిన్నవిగానే ఉంటాయి, అయితే ఎర్రకణాల సంఖ్య మామూలుగా గానీ ఎక్కువగా గానీ ఉంటుంది, ఫెరిటిన్ బాగానే ఉంటుంది. అలాంటివారు ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ కదలదు, అనవసరంగా ఇనుము పేరుకునే ప్రమాదం కూడా ఉంది. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో హిమోగ్లోబిన్ ఎ2 స్థాయి 3.5 శాతం దాటితే తలసీమియా లక్షణాన్ని అనుమానిస్తారు. ఇనుము లోపం కూడా ఉన్నప్పుడు ఆ ఎ2 తగ్గి కనిపించవచ్చు కాబట్టి, ముందు ఇనుము సరిచేసి తరువాత చూడటం మేలు. ప్రశ్న అడిగిన మేడమ్ గారి భర్తకు ఫెరిటిన్ స్పష్టంగా తక్కువ ఉంది కనుక ప్రస్తుతానికి అదే ముఖ్యం. ఇనుము నిండాక కూడా ఎంసీవీ పెరగకపోతే ఈ పరీక్ష గుర్తుంచుకోండి.

ఏజెన్సీ మూలాలున్న కుటుంబాలవారు సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష కూడా తప్పక చేయించుకోవాలి. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమంలో 40 ఏళ్ల లోపువారికి ఈ పరీక్ష చేస్తున్నారు. అలాగే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలగా, అదే వయసు పురుషులలో 25 శాతం మందికి ఉంది. రక్తహీనత ఆడవారి సమస్య అన్న భావన వల్ల మగవారిని ఎవరూ పరీక్షించరు. మా గ్రామాలలో దీన్ని నిత్యం చూస్తున్నాను.

అడిగినవారి స్పందన: సీతమ్మధార ఉపాధ్యాయిని

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అత్తగారి పొడి ఈ ఉదయమే ఆపించాము. రేపు కాల్షియం పరీక్షకు తీసుకువెళ్తున్నాను. మావారు రెండో సమాధానం చదివి, చాలాసేపు మాట్లాడకుండా ఉండి, వచ్చే వారం సెలవు పెడతానన్నారు. రెండు సందేహాలు మిగిలాయి. ఎండోస్కోపీ అయ్యేవరకు ఆయన ఐరన్ వేసుకోవచ్చా? మేము అనకాపల్లి బెల్లంతో చోడి (రాగి) అంబలి తాగుతాము, మా అత్తగారు చద్దన్నంలో బి12 పుడుతుందని అంటారు, వీటితో ఎంతవరకు సరిపెట్టుకోవచ్చు?

సమాధానం 4: పోషకాహార నిపుణురాలు, గోపాలపట్నం

చోడి అంబలి మానవద్దు. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ధాన్యాలలో దానికి సాటి లేదు. మీ అత్తగారి కాల్షియం ఫలితం వచ్చేవరకు ఆవిడకు మాత్రం వైద్యులను అడిగి ఇవ్వండి. బెల్లంలో ఇనుము ఉంటుంది గానీ, తయారీని బట్టి బాగా మారుతుంది. ఖాళీ అయిన నిల్వలను నింపగలిగినంత బెల్లం తినాలంటే చక్కెర అంతా ఒంట్లోకి వెళ్తుంది, మధుమేహం ఉన్న ఇంట్లో ఆ మార్గమే వద్దు. తోటకూర, మునగాకు, ఉలవలు, శనగలు తింటూ, అదే పూట నిమ్మరసం గానీ ఉసిరి గానీ తీసుకుంటే వాటిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీలను భోజనానికి గంట ముందు, గంట తరువాత తాగకండి. నేను చూసిన కుటుంబాలలో అన్నిటికంటే కష్టంగా మారే అలవాటు ఇదే, అయినా దానికి తగిన ఫలితం ఉంటుంది.

చద్దన్నం కడుపుకు మంచిదే. బి12 కోసం మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. పులిసిన ఇడ్లీ, దోసె పిండిపైనా, స్పిరులినా పైనా కూడా ఆ భరోసా పెట్టుకోలేము. స్పిరులినాలో ఎక్కువగా ఉండేది మన శరీరానికి పనికిరాని బి12 రూపం. నమ్మదగిన బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే వస్తుంది. మీరు చేపలు తినేవారైతే మన రేవులో దొరికే నెత్తళ్లు ముల్లుతో సహా తింటే బి12తోపాటు కాల్షియం కూడా అందుతుంది. శాకాహారులైతే పాలు, పెరుగు రోజూ తీసుకుంటూ, అవసరమైతే మాత్ర వాడాలి. అయితే ఇదంతా లోపం రాకుండా కాపాడుకోవడానికి. ఫెరిటిన్ 9 దాకా పడిపోయాక తిండి ఒక్కటే చాలదు.

సమాధానం 5: జనరల్ మెడిసిన్ వైద్యురాలు, ఎంవీపీ కాలనీ

మీవారు ఐరన్ మొదలుపెట్టవచ్చు, కానీ ముందుగా జీర్ణకోశ వైద్యుడికి చెప్పండి. ఐరన్ వల్ల మలం నల్లబడుతుంది, కొలనోస్కోపీలో పేగు గోడ సరిగా కనిపించదు. అందుకే సాధారణంగా ఆ పరీక్షకు వారం ముందు ఐరన్ ఆపమంటారు. నొప్పిమాత్రలు మాత్రం ఈ రోజు నుంచే ఆపాలి, మోకాళ్లకు వేరే మార్గం అడగండి. ఈ లోగా తారులాంటి జిగట మలం వచ్చినా, కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఐరన్ మాత్రను రోజూ రెండుపూటలా వేసుకోవడం కంటే రోజుకు ఒకసారి గానీ, రోజు విడిచి రోజు గానీ వేసుకుంటే చాలామందికి కడుపులో ఇబ్బంది తగ్గుతుంది, శోషణ కూడా మెరుగ్గా ఉంటుంది. మీ ఇద్దరికీ మొదలుపెట్టిన నెల రోజులకు సీబీసీ ఒక్కటి చేయిస్తే చాలు. హిమోగ్లోబిన్ ఒక గ్రాము వరకైనా పెరగాలి. పెరగకపోతే మాత్ర సరిగా వేసుకోకపోవడమో, శోషణ జరగకపోవడమో, రక్తం ఇంకా పోతూ ఉండటమో, పెందుర్తి వారు చెప్పిన తలసీమియా లక్షణమో చూడాలి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి సుమారు మూడు నెలలు మాత్ర కొనసాగించి, ఆ తరువాత ఫెరిటిన్ చూడండి. మీ విటమిన్ డిని మూడు నెలల లోపు మళ్లీ పరీక్షించి ప్రయోజనం లేదు. జింక్ పరీక్ష తిరిగి చేయించనక్కరలేదు. రేపు అత్తగారి కాల్షియం ఫలితం రాగానే, 10.5 దాటితే ఇక్కడ రాయడం కోసం ఆగకుండా ఆవిడ మధుమేహం చూసే వైద్యుడికి అదే రోజు ఫోన్ చేయండి.